రాత్రి పది దాటాక ఏ నంబర్‌కి ఫోన్ చెయ్యాలి?

ఎడిటర్ గారికి,

నమస్కారమండి. నేను విజయనగరంలో పాల ప్యాకెట్ల ఏజెంటుని. మా పాల వ్యాన్ తెల్లారగట్ల మూడున్నరకి వస్తుంది, క్రేట్లు ఒక షాపు అరుగు మీద దించుకుని అక్కడ్నించి లైన్లకి పంచుతాం. అందుకని మీ పేపర్ చదివేవాళ్ళలో చాలామంది చూడని టైంలో ఈ ఊరు నేను రోజూ చూస్తాను. గంటస్తంభం దగ్గర, ఆర్టీసీ కాంప్లెక్స్ బయట, రైల్వే స్టేషన్ ఎదుట వనంగుడి వైపు, అరుగుల మీద మనుషులు పడుకుని ఉంటారు. ఎంతమంది అంటే నేనేం లెక్కపెట్టలేదు గానీ, వాన రోజు అయితే ఒక్కో షెడ్డు కింద కాలు పెట్టడానికి సందుండదు.

నిజం చెప్పాలంటే మొదట్లో నేనూ వీళ్ళని లేపేసేవాడినే. క్రేట్లకి జాగా కావాలి కదా, "లెగండి లెగండి" అని క్రేటు నేలకేసి కొట్టేవాడిని. ఇప్పుడు ఆ పని చెయ్యట్లేదు, దానికి కారణం ఒక తాత.

తాతది సాలూరు వైపు. జూట్ మిల్లులో పనిచేశాడంట, మిల్లు మూసేశాక కొన్నాళ్ళు హోటల్లో ప్లేట్లు కడిగాడు, తర్వాత అదీ చేతకాలేదు. రాత్రి షాపులు మూసేటప్పుడు కొంతమంది ఓనర్లు అరుగు మీద బకెట్టు నీళ్ళు కొట్టి వెళ్తారు, ఎవరూ పడుకోకుండా. (వాళ్ళ బాధ వాళ్ళకుంది, పొద్దున్నే షట్టర్ ఎత్తేసరికి వాసన, ఎంగిలాకులు, ఒక్కోసారి తాగి పడిపోయినవాళ్ళు. అది కాదనను.) ఈ తాత ఏం చేస్తాడంటే తన గోనెసంచితో నీళ్ళన్నీ తుడిచి, ఆ సంచి పిండేసి పక్కన ఆరేసి, దాని మీద కాకుండా ఒక ఫ్లెక్సీ పరుచుకుంటాడు. ఎవరో నాయకుడి పుట్టినరోజు శుభాకాంక్షల ఫ్లెక్సీ అది. మొహం ఉన్న వైపు కిందకి పెడతాడు, "తొక్కీకూడదు కదా బాబూ" అంటాడు.

పోయిన వర్షాకాలంలో తాత కాలికి పుండు లేచింది. షుగర్ ఉన్నట్టుంది, ఈగలు ముసురుతున్నాయి, ఒక రోజు తెల్లారగట్ల చూస్తే ఒళ్ళు కాలిపోతోంది. 108కి చేశాను. బండి వచ్చింది, ఎక్కించారు, అంతవరకు ఎవరినీ ఏమీ అనడానికి లేదు. ఆస్పత్రిలో "పేషెంట్ తాలూకు ఎవరు" అన్నారు. ఎవరూ లేరంటే ఎలా అని నేనే సంతకం పెట్టి పాల లైన్ లేటవుతోందని పరిగెత్తాను. నాలుగో రోజు పొద్దున్న వ్యాన్ దిగి చూస్తే తాత అదే అరుగు మీద ఉన్నాడు. కట్టు మీద బురద. డిస్చార్జి కాగితం కవర్లో పెట్టి నడుముకి కట్టుకున్నాడు. ఆ కాగితం మీద "రోజు మార్చి రోజు డ్రెస్సింగ్, కాలు తడవనివ్వకూడదు" అని రాసి ఉంది. నీళ్ళు కొట్టిన అరుగు మీద పడుకునే మనిషికి అది రాసిచ్చారు. ఏ ఆస్పత్రి అని నేను చెప్పను, వాళ్ళకి బెడ్లు కావాలి, పేషెంట్‌ని పంపడమే తెలుసు, ఎక్కడికి పంపాలో వాళ్ళకెవరు చెప్పారు గనక.

అప్పుడు మొదలుపెట్టాను, ఈ ఊళ్ళో ఇలాంటివాళ్ళు రాత్రికి ఎక్కడికి వెళ్ళాలి అని అడగడం. ఆటో వాళ్ళని అడిగాను, టీ కొట్టు ఆయన్ని, కాంప్లెక్స్ స్వీపర్‌ని, రాత్రి బీటుకొచ్చే కానిస్టేబుల్ గారిని అడిగాను. "నైట్ షెల్టర్ అని ఒకటి ఉండాలే" అని అందరూ అన్నారు, ఫలానా వీధిలో ఉంది అని ఒక్కరూ చెప్పలేదు. ఒక ఆఫీసుకి ఫోన్ చేస్తే ఆఫీస్ టైంలో రమ్మన్నారు. ఆ టైంకి తాత పడుకోడు కదండీ, గుడి మెట్ల దగ్గర కూర్చుంటాడు.

నాకు చదువు పెద్దగా లేదు గానీ మా అమ్మాయి డిగ్రీ చదువుతోంది, అది ఫోన్లో వెతికి చెప్పింది. 2013లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్‌లో నిరాశ్రయుల షెల్టర్ల స్కీము పెట్టారంట. లక్ష జనాభాకి ఒక షెల్టర్ ఉండాలి, రాత్రికి మాత్రమే కాదు ఇరవైనాలుగు గంటలూ తెరిచి ఉండాలి, మనిషికి 50 చదరపు అడుగుల జాగా ఉండాలి అని అందులో రూలు పెట్టారు. అంతకుముందే సుప్రీంకోర్టు కూడా షెల్టర్లు కట్టండి అని రాష్ట్రాలకి ఆర్డర్లు వేసిందంట. మన ఊరి జనాభా 2011 లెక్కల్లోనే రెండు లక్షలు దాటింది. అంటే అప్పటి లెక్క పట్టుకున్నా రెండు ఉండాలి. ఉంటే సంతోషం. కానీ నాలాంటివాడికి, ఇదే ఊళ్ళో పుట్టి రోజూ రాత్రి రోడ్డు మీద ఉండేవాడికి దాని తోవ తెలియకపోతే, ఒడిశా వైపు నించి రాయగడ బండిలో వచ్చి పని కోసం దిగినవాడికి ఎలా తెలుస్తుందండీ?

ఫోన్ నంబర్లు బోలెడున్నాయి. పిల్లలు కనిపిస్తే 1098, ఆడవాళ్ళకి 181, ఇవి రాత్రి కూడా పలుకుతాయి. మనసు బాగోలేనివాళ్ళ గురించి 14416. ముసలివాళ్ళకి 14567 ఉంది, పాపం బాగానే మాట్లాడతారు, కానీ అది పొద్దున్న ఎనిమిది నించి రాత్రి ఎనిమిది వరకే. మా తాత జ్వరంతో మూలిగింది తెల్లారగట్ల నాలుగుకి. ఇంక నలభయ్యేళ్ళ మగమనిషి, ఒంట్లో బాగానే ఉంది, పని పోయింది, రాత్రి పదకొండుకి వానలో నిలబడ్డాడు అనుకోండి, అతనికి ఏ నంబరూ లేదు. 112కి చేస్తే పోలీసులు వస్తారు, కానీ వాళ్ళు మాత్రం ఎక్కడికి తీసుకెళ్తారు?

మతిస్థిమితం లేక తిరిగేవాళ్ళ సంగతి వేరు. 2017 మానసిక ఆరోగ్య చట్టంలో అలాంటివాళ్ళని రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోపు ప్రభుత్వాసుపత్రికి చేర్చే బాధ్యత పోలీస్ స్టేషన్‌దే అని ఉందంట. విశాఖలో మానసిక ఆస్పత్రి ఉండనే ఉంది. మన దగ్గర ఒకామె చీర మీద చీర నాలుగు చీరలు కట్టుకుని ఎండలో తిరుగుతుంది, పిల్లలు రాళ్ళేస్తారు. ఈ రూలు తెలిస్తే ఎవరైనా స్టేషన్‌కి వెళ్ళి చెప్పేవారేమో.

తిండి గురించి నాకంత బెంగ లేదు. అన్న క్యాంటీన్లు 2024లో మళ్ళీ తెరిచాక ఐదు రూపాయలకి కడుపు నిండుతోంది. ఆదివారం మూసేస్తారు, ఆ రోజు గుడి ప్రసాదమే దిక్కు. అసలు బాధ రాత్రి పడుకునే చోటు గురించి, ఆ తర్వాత ఆధార్ కార్డు గురించి. పెన్షన్ ఇప్పుడు నాలుగు వేలు. తాతకి వయసుంది, కానీ రాదు. ఎందుకు రాదు అంటే, "నాకేటి కార్డు బాబూ, ఇల్లే నేకపోతే కార్డెక్కడ్నించొస్తాది" అన్నాడు. గుర్తింపు ఉన్న షెల్టర్ల వార్డెన్ రాసిచ్చిన కాగితంతో ఆధార్ తీసుకోవచ్చని మా అమ్మాయే చెప్పింది. అంటే చూడండి, షెల్టర్‌లో పేరుంటే కార్డుకి తోవ దొరుకుతుంది, కార్డుంటే పెన్షన్‌కి అప్లికేషన్ పెట్టొచ్చు, పెన్షన్ వస్తే ఎక్కడో చిన్న గది. మొదటి మెట్టు ఎక్కడుందో తెలియక మొత్తం ఆగిపోయింది.

ఇంకోటి కూడా చెప్పాలి. పైడితల్లమ్మ జాతరలో తొలేళ్ళ రాత్రి, అంటే సిరిమాను ఉత్సవానికి ముందు రాత్రి, మన ఊరు చూడండి. పల్లెల నించి జనం పిల్లాపాపలతో వచ్చి మూడు లాంతర్ల నించి కోట దాకా ఎక్కడ జాగా ఉంటే అక్కడ దుప్పటి పరిచి పడుకుంటారు. ఆ రాత్రి ఒక్క అరుగు మీద కూడా ఎవరూ నీళ్ళు కొట్టరు, పైగా మంచినీళ్ళ క్యాన్లు పెడతారు, మజ్జిగ పోస్తారు. మా తాత కూడా ఆ గుంపులోనే పడుకుంటాడు, ఎవరూ లేపరు. "ఏడాదికి ఆ ఒక్క రేతిరే బాబూ నాను అందర్లాగ పడుకునీది" అన్నాడు నవ్వుతూ. సిరిమాను తిరిగిన నాలుగో రోజుకి అరుగులు మళ్ళీ తడి.

నేను అడిగేది కొత్త బిల్డింగులు కట్టమని కాదు, అవి కట్టేసరికి ఎవరుంటారో ఎవరు పోతారో. ముందు ఉన్నదాని అడ్రస్ బోర్డు మీద రాయించండి. కాంప్లెక్స్‌లో, రైల్వే స్టేషన్‌లో, వనంగుడి దగ్గర, ఆస్పత్రుల గేట్లకి. తెలుగుతో పాటు ఒరియాలో, హిందీలో కూడా రాయండి, మన స్టేషన్‌లో దిగేవాళ్ళు అందరూ తెలుగువాళ్ళు కాదు. కింద ఒక ఫోన్ నంబర్, రాత్రి కూడా ఎత్తే నంబర్. చదవలేనివాళ్ళ కోసం రాత్రి డ్యూటీ స్టాఫ్‌కి ఆ అడ్రస్ నోటికి రావాలి. ఆస్పత్రి వాళ్ళు తాలూకు ఎవరూ లేని పేషెంట్‌ని పంపేముందు ఆ నంబర్‌కి ఒక ఫోన్ కొడితే చాలు. తుఫాను హెచ్చరిక వస్తే తీరం ఊళ్ళ వాళ్ళని స్కూళ్ళలోకి చేరుస్తారు, చాలా మంచి పని, అదే మైకు ఒకసారి గంటస్తంభం వైపు కూడా తిప్పండి. 2014 హుద్‌హుద్ రాత్రి ఇలాంటివాళ్ళు ఎక్కడ నక్కారో తల్చుకుంటే ఇప్పటికీ నాకు భయమేస్తుంది, ఆ రోజు మా ఇంటి రేకులే ఎగిరిపోయాయి.

షెల్టర్‌కి తీసుకెళ్తానన్నా అందరూ రారు, అదీ తెలుసు. మూట పోతుందని కొందరు, బీడీ కాల్చనివ్వరని కొందరు. తాత కూడా "సూసొస్తాను, నచ్చితే ఉంటాను" అన్నాడు. చూడ్డానికైనా అడ్రస్ కావాలి కదండీ.

కార్పొరేషన్ నించి ఎవరైనా ఆఫీసర్ గారు ఈ ఉత్తరం చదివితే, తెల్లారగట్ల మూడున్నరకి గంటస్తంభం దగ్గరకి రండి. క్రేట్లు దించుతూ ఉంటాను. తాతని చూపిస్తాను, టీ నేనే ఇప్పిస్తాను.

ఇట్లు,
ఒక పాల ఏజెంటు,
విజయనగరం