బతుకమ్మకు మున్సిపల్ సాయం: దరఖాస్తు ఈ వారమే

అందరికీ నమస్కారం. నిరుడు మన దరఖాస్తు మొదటి రోజు ఎంగిలిపూల బతుకమ్మకు రెండు రోజుల ముందు ఇచ్చాం. లైట్లు చివరి రోజు సద్దుల బతుకమ్మ నాటికి గానీ రాలేదు. తప్పు మనదే, ముఖ్యంగా నాది. ఈసారి ఈ వారమే ఇచ్చేద్దాం.

మున్సిపల్ ఆఫీసును డబ్బులు అడగడం కంటే పనులు అడగడం మేలు: మైదానం శుభ్రం చేయడం, చెత్తబండి, తాత్కాలిక లైట్లు, నిమజ్జనానికి చిన్న కొలను, మొబైల్ టాయిలెట్లు. 2014లో రాష్ట్ర పండుగ అయ్యాక వీటికి ఏటా ఏర్పాట్లు ఉంటున్నాయి కాబట్టి అడగడానికి మొహమాటం అక్కర్లేదు. మైకుకు మాత్రం పోలీసు అనుమతి వేరే తీసుకోవాలి. పొదుపు సంఘం అక్కలు సకినాలు, గారెల స్టాల్ పెడతామంటున్నారు. సంఘాల పని చూసే యూసీడీ విభాగంలో వాళ్లే మాట్లాడతారట.

ఇంకో సంగతి. మన వీధి చివరి పాత బావి గురించి కూడా ఒక కాగితం పెడదామా? సికింద్రాబాద్‌లోని బన్సీలాల్‌పేట మెట్లబావి ఏళ్ల తరబడి చెత్తతో పూడిపోయి ఉండేది. నగరపాలక సంస్థ జీహెచ్‌ఎంసీ, నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏలతో కలిసి ‘ది రెయిన్‌వాటర్ ప్రాజెక్ట్’ అనే సంస్థ దాన్ని బాగుచేయించింది. 2022 డిసెంబర్‌లో తెరిచారు. వెళ్లి చూడండి, మెట్ల మీద కూర్చుంటే లేవబుద్ధి కాదు! మన బావి అంత గొప్పదేమీ కాదులెండి. కనీసం చెత్త తీసి జాలీ వేస్తే పిల్లలు పడతారన్న టెన్షన్ ఉండదు.

సంతకాలకు ఆదివారం ఉదయం పదింటికి గుడి అరుగు దగ్గరికి రండి. పెన్ను తెచ్చుకోండి, పోయినసారి నావి రెండు పోయాయి.