స్టేట్ మీద కోపం స్కూలు మీద తీర్చుకుంటే ఎలా?

ఎడిటర్ గారికి నమస్కారం అండీ,

పోయిన వారం మీ ఎన్నారై పేజీలో మా ఒహాయో నుంచే ఒకాయన రాసిన ఉత్తరం చదివాను. స్కూల్ లెవీ (బడుల ఖర్చుకి అదనంగా వేసే ప్రాపర్టీ టాక్స్, జనం ఓటేసి ఒప్పుకుంటేనే పడేది) బ్యాలెట్ మీదకి వచ్చిన ప్రతిసారీ నో కొట్టండి, ఈ స్కూల్ బోర్డులకి ఎంత పోసినా చాలదు, నాలుగేళ్ళు తిరక్కుండా మళ్ళీ చెయ్యి చాపుతారు అని రాసారు. నేనూ కొలంబస్ పక్కన సబర్బ్‌లోనే ఉంటా, ప్రాపర్టీ టాక్స్ బిల్లు చూస్తే నాకూ ఒళ్ళు మండుద్ది, ఆయన కోపం తప్పని అనట్లేదు. కానీ మళ్ళీ మళ్ళీ ఎందుకు అడుగుతున్నారో ఆయన ఒక్క ముక్క రాయలేదు, అసలు సంగతంతా అక్కడే ఉంది.

1976లో ఇక్కడ హౌస్ బిల్ 920 అని ఒక చట్టం చేసారు. అప్పట్లో ఇళ్ళ రేట్లు ఎగబాకి టాక్స్ కూడా దాంతో పాటే ఎగబాకుతుంటే జనం గోల పెట్టారు, దాంతో ఓటేసి ఒప్పుకున్న లెవీ మీద వచ్చే డబ్బుని, ఇళ్ళ విలువ పెరిగినా అది పెరక్కుండా కట్టేసారు. 2010లో పాసైన లెవీకి అప్పుడున్న ఇళ్ళ మీద ఏడాదికి కోటి డాలర్లు వచ్చేది అనుకోండి, ఇవాళ అవే ఇళ్ళు డబుల్ రేటు పలుకుతున్నా వాటి మీద వచ్చేది ఆ కోటే. ఇళ్ళ విలువ కట్టే కౌంటీ ఆడిటర్ ఆ విలువ పెంచగానే లెవీ రేటు దానంతటదే తగ్గిపోద్ది. కొత్త ఇళ్ళు కడితే వాటిది కలుస్తుంది, అంతే. మరి టీచర్ల జీతాలు, బస్సుల డీజిలు, హెల్త్ ఇన్సూరెన్స్ 2010లోనే ఆగిపోవు కదా, అందుకే మళ్ళీ మన దగ్గరికి వస్తారు.

అయితే నా బిల్లెందుకు పెరిగింది అంటారా, స్కూల్ టాక్స్ రేటు 20 మిల్లుల (మిల్లు అంటే టాక్స్ వేసే విలువలో వెయ్యికి ఒక డాలర్) కన్నా కిందకి దిగకూడదని ఇంకో రూలుంది. ఆ ఫ్లోర్‌కి, అంటే అడుగు హద్దుకి, చేరిపోయిన స్కూల్ డిస్ట్రిక్టుల్లో (ఒక్కో ప్రాంతంలో బడులు నడిపే విభాగాలు) ఇంటి విలువ పెరిగిన కొద్దీ స్కూల్ టాక్సూ పెరుగుతూ వచ్చింది. అందుకే ఒకే కౌంటీలో పక్కపక్క డిస్ట్రిక్టుల్లో ఒకరి బిల్లు బాగా పెరిగి ఇంకొకరిది పెద్దగా పెరగలేదు, వాట్సాప్ గ్రూపుల్లో దీని మీద జరిగే కొట్లాటలు మీరు చూడాలి.

ఇదంతా అన్యాయం అని నేను కాదు, 1997లో ఒహాయో సుప్రీంకోర్టే చెప్పింది. డీరోల్ఫ్ కేసు అంటారు, పెర్రీ కౌంటీ కుర్రాడి పేరు మీద వేసింది. బడుల భారం ఇంతగా లోకల్ ప్రాపర్టీ టాక్స్ మీద మోపడం రాజ్యాంగ విరుద్ధం, పద్ధతి మార్చండి అన్నారు. 2000లో మళ్ళీ చెప్పారు, 2002లో మళ్ళీ చెప్పారు, ఆ తర్వాత కోర్టు కూడా చేతులు దులుపుకుంది. స్టేట్ బడులకి డబ్బు పంచే ఒక మంచి ఫార్ములా 2021లో గానీ రాలేదు, అదీ విడతలు విడతలుగా. ఈలోపు 2023లో ప్రైవేట్ స్కూల్ ఓచర్లు (ప్రైవేట్ బడి ఫీజుకి స్టేట్ ఇచ్చే డబ్బు) మాత్రం దాదాపు అందరికీ తెరిచేసారు, అది చెల్లదని 2025 జూన్‌లో ఫ్రాంక్లిన్ కౌంటీ జడ్జి తీర్పిస్తే అప్పీలుకి వెళ్ళారు. ఇంకోపక్క స్టేట్ ఇన్‌కమ్ టాక్స్ తగ్గించుకుంటూ వచ్చి 2026కి 2.75 శాతం ఒకటే రేటు చేసారు, ఆ తగ్గింపులో లాభపడింది ఎక్కువగా మనలాంటి ఐటీ జీతాల వాళ్ళమే, అది మాత్రం ఎవరూ గ్రూపులో పెట్టరు.

స్టేట్ బడ్జెట్‌కి నో కొట్టే బటన్ మనకి లేదు. మొత్తం టాక్సుల్లో జనం నేరుగా వద్దు అనగలిగేది ఈ లెవీల్లాంటి కొన్నిటికే కాబట్టి కోపమంతా దాని మీద పడుతోంది, అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు.

లెక్క కూడా చూడండి. ఆడిటర్ లెక్కలో ఇల్లు 4 లక్షల డాలర్లు అయితే టాక్స్ వేసేది 35 శాతం మీదే, అంటే 1 లక్షా 40 వేల మీద. 6 మిల్లుల లెవీకి ఏడాదికి 840, నెలకి 70 డాలర్లు. చిన్న మొత్తం అని నేను అనను, రిటైరైన వాళ్ళకి అది నిజంగా బరువే, 65 దాటితే హోమ్‌స్టెడ్ అని ప్రాపర్టీ టాక్స్‌లో తగ్గింపు ఉంది గానీ ఆదాయం బాగా తక్కువుంటేనే వస్తుంది, దాన్ని పెంచమని అడిగితే నేనూ సంతకం పెడతా. కానీ నో కొట్టేది వాళ్ళొక్కళ్ళే అయితే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. స్కూల్ రేటింగ్ చూసి, అడిగినదాని మీద ఇరవై వేలు ఎక్కువ బిడ్ వేసి ఇల్లు కొని, పిల్లలిద్దరూ కాలేజీకి వెళ్ళాక ఇంక నాకేం సంబంధం అనే మనవాళ్ళూ ఉన్నారు. రేపు ఆ ఇల్లు అమ్మేటప్పుడు కొనేవాడు మొదట అడిగేది ఏ స్కూల్ డిస్ట్రిక్ట్ అనే కదండీ.

లెవీ పోతే ముందు హైస్కూల్ బస్సులకి ఎసరు, ఎందుకంటే రెండు మైళ్ళు దాటితే బస్సు పెట్టాల్సిందే అన్న రూలు 8వ క్లాసు దాకానే. తర్వాత ఆటలకి ఫీజులు పెడతారు, ఆర్కెస్ట్రాకి కోత పెడతారు. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో పొద్దున్న బస్సు లేకపోతే ఆ 70 డాలర్లు ఏపాటివో తెలుస్తుంది. ఇంకో విచిత్రం, ఈ స్కూళ్ళలో పిల్లలుండి టాక్స్ కడుతున్న హెచ్1బి, గ్రీన్‌కార్డు వాళ్ళకి ఓటే లేదు. ఓటున్న మనం ప్రెసిడెంట్ ఎలక్షన్‌కి తప్ప గడప దాటం.

మనవాళ్ళకి ఇది తలకెక్కకపోవడానికి ఒక కారణం ఉందిలెండి. మన దగ్గర గవర్నమెంట్ టీచర్ జీతం రాష్ట్ర ఖజానా నుంచి వస్తుంది, ఇంటి పన్నుతో పాటు కట్టేది రూపాయికి 8 పైసల లైబ్రరీ సెస్సు లాంటి చిన్న మొత్తమే, అదీ లైబ్రరీలకి చేరకుండా మున్సిపాలిటీల దగ్గర ఆగిపోవడం వేరే గొడవ.

ఇంకో ముందడుగు వేసి ప్రాపర్టీ టాక్సే మొత్తం రద్దు చేసేలా ఒహాయో రాజ్యాంగం మార్చాలని 2025లో సంతకాల సేకరణ మొదలుపెట్టారు. ఆ డబ్బు బదులు ఎక్కణ్ణించి తెస్తారంటే సరైన జవాబు లేదు.

మన అసోసియేషన్ల ఉగాది, దీపావళి ఫంక్షన్లకి స్టేట్ హౌస్‌కి, సెనేట్‌కి పోటీ చేసేవాళ్ళు వస్తారు, శాలువా కప్పించుకుని ఫోటోలు దిగి వెళ్ళిపోతారు. స్టేజీ దిగేలోపు ఎవరైనా మైకు పట్టుకుని, 920 మారుస్తారా, ఓచర్లకి ఇచ్చే డబ్బు ఎంత, డీరోల్ఫ్ తీర్పు ఎప్పుడు అమలు చేస్తారు అని అడగండి, ఆ జవాబులు మీ పేజీలో వెయ్యండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కొలంబస్, ఒహాయో