‘ఉచితంగా ఫస్ట్ క్లాస్’ అని రాయకండి

సంపాదకులు గారికి,

నమస్కారం. మొన్న ఆదివారం మీ అనుబంధంలో, విమానం ఎక్కినందుకూ క్రెడిట్ కార్డు వాడినందుకూ వచ్చే మైళ్లనే పాయింట్లతో యూరప్‌కు ఉచితంగా ఫస్ట్ క్లాసులో వెళ్లొచ్చని రాసిన వ్యాసం చదివాను. తెలుగులో ఈ విషయం రాసేవాళ్లే తక్కువ, రాసినందుకు సంతోషం. కానీ ఆ ‘ఉచితంగా’ అన్న మాట చూసి మా మేనల్లుడు సోమవారం పొద్దున్నే రెండు క్రెడిట్ కార్డులకు దరఖాస్తు పెట్టేశాడు. వాడికి ఇరవై ఆరేళ్లు. భీమవరంలో రొయ్యల మేత దుకాణంలో లెక్కలు రాస్తాడు. జీతం ఇరవై రెండు వేలు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో క్వాలిటీ చూసే ఉద్యోగం చేస్తున్నాను. 2012 నుంచి కంపెనీ తరఫున యూరప్‌లో జరిగే సీఫుడ్ ఎక్స్‌పోకి, అంటే చేపలూ రొయ్యల వ్యాపార ప్రదర్శనకి, వెళ్తున్నాను. 2019 దాకా అది బ్రస్సెల్స్‌లో జరిగేది. కరోనా తర్వాత 2022 నుంచి బార్సిలోనాలో పెడుతున్నారు. కంపెనీ ఇచ్చేది ఎప్పుడూ ఎకానమీ టికెట్టే. విమానం ఎక్కిన ప్రతిసారీ మన పేరు మీద మైళ్లు పడతాయనీ, అందుకు సభ్యత్వ నంబరు ఉండాలనీ నాకు మూడేళ్ల దాకా తెలియదు. హైదరాబాద్ ఎయిర్‌పోర్టు లైన్లో పక్క ప్లాంటాయన చెబితే తెలిసింది. అప్పటి నుంచి ఏటా రెండు మూడు ప్రయాణాల మైళ్లు, కార్డు మీద పెట్టిన ఇంటి ఖర్చుల పాయింట్లు అన్నీ ఒకే విమాన సంస్థ ఖాతాలో కూడబెట్టాను.

అవన్నీ మా నాన్న కోసం. నాన్న నర్సాపురం కాలువ మీద లాకుల దగ్గర లస్కరుగా పనిచేసి రిటైరయ్యారు. తలుపులు ఎత్తడం, దించడం, గేజి చూసి రాయడం, రాత్రివేళ గట్టు మీద టార్చిలైటుతో తిరగడం ఆయన జీవితం. మా చెల్లెలు నెదర్లాండ్స్‌లో డెల్ఫ్ట్ అనే ఊళ్లో ఉంటుంది. అక్కడ నేల సముద్రం కంటే కిందుంటుందనీ, కాలువలూ గేట్లూ పెట్టి నీళ్లను ఆపుతారనీ అది ఫోన్లో చెప్పిన దగ్గర్నుంచి నాన్నకు ఒకటే కోరిక. “ఆ నీళ్లు ఎలా తోడతారో ఒక్కసారి చూడాలిరా” అనేవారు. అప్పటికి ఆయనకు డెబ్బై నాలుగు. కాళ్ల వాపులు. నాలుగు గంటలకు మించి కాళ్లు వేలాడేసుకుని కూర్చోవద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. పడుకుని వెళ్లాలి. టికెట్టు కొనే స్తోమత నాకు లేదు. మైళ్లే దారి.

2019 సంక్రాంతి నాటికి నా ఖాతాలో లక్షా అరవై వేల మైళ్లున్నాయి. అమ్మకూ నాన్నకూ ఒకవైపు ఫస్ట్ క్లాసుకు లక్షా తొంభై వేలు కావాలి. ఆ రోజు ఇద్దరికీ బిజినెస్ క్లాసులో సీట్లు కనబడుతున్నాయి, నా మైళ్లు దానికి సరిపోతాయి. బిజినెస్‌లోనూ సీటు పడకలా పరుచుకుంటుంది. కానీ నాన్నకు ఫస్ట్ క్లాసే ఇవ్వాలని పట్టుబట్టింది నేనే. జీవితంలో ఒక్కసారి వెళ్తారు, ఇంకొన్ని ట్రిప్పులయితే ముప్పై వేలు వచ్చేస్తాయి కదా అనుకున్నాను. మార్చిలో ఒక ఈమెయిల్ వచ్చింది. ఆ రోజు నుంచే మనిషికి తొంభై ఐదు వేలు కాస్తా లక్షా ముప్పై వేలు అయిందని అందులో ఉంది. ముందుగా ఒక్క రోజు కూడా చెప్పలేదు. మర్నాడు బిజినెస్ సీట్లు చూస్తే వాటి రేటూ పెరిగింది. సరే, ఇంకా కొన్ని ట్రిప్పులు అనుకునేలోగా కరోనా వచ్చింది. విమానాలు ఆగాయి. మైళ్లలో కొన్ని గడువు తీరిపోయాయి. 2021 వేసవిలో నాన్న పోయారు.

ఆ సంస్థ పేరు రాయను. ఎవరి ఖాతాలో చూసినా ఇంచుమించు ఇదే కథ. 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ మైళ్ల పథకం మొదలుపెట్టినప్పుడు ఎంత దూరం ఎగిరితే అన్ని మైళ్లు. ఇప్పుడు చాలా సంస్థలు టికెట్టుకు ఎంత డబ్బు పెట్టావో చూసి ఇస్తున్నాయి. ఆ మైలుకు ఏం వస్తుందన్నదీ వాళ్ల చేతిలోనే ఉంది. రాత్రికి రాత్రి మార్చేయవచ్చు. బ్యాంకులో డబ్బుకు వడ్డీ వస్తుంది. మైళ్లకు రాదు. చెరువు పట్టుబడి అయ్యాక రొయ్యను ఎన్ని రోజులు ఐసులో ఉంచినా బరువు పెరగదని మా లైన్లో అందరికీ తెలుసు, మైళ్లూ అంతే.

సంస్థే మూతపడితే ఇక చెప్పేదేముంది. 2012లో కింగ్‌ఫిషర్ ఆగిపోయింది. 2019 ఏప్రిల్ 17న జెట్ ఎయిర్‌వేస్ ఆగింది. 2024 నవంబరు 12న విస్తారా ఎయిర్ ఇండియాలో కలిసినప్పుడు సభ్యుల పాయింట్లు అటు బదిలీ అయ్యాయి, అది నయం.

ఇక ఫస్ట్ క్లాస్ సీట్లు ఎన్ని ఉంటాయో మీ వ్యాసంలో లేదు. లుఫ్తాన్సా 747-8 విమానంలో ఎనిమిది. ఎయిర్ ఫ్రాన్స్‌లో నాలుగు. ఎమిరేట్స్ వాళ్ల పెద్ద ఏ380లో పద్నాలుగు. అందులో మైళ్లకు వదిలేవి ఒకటో రెండో. లుఫ్తాన్సా వాళ్లయితే భాగస్వామ్య సంస్థల మైళ్లకు ఫస్ట్ క్లాసును సాధారణంగా ప్రయాణానికి రెండు వారాల ముందు గానీ తెరవరు. డెబ్బై, ఎనభై ఏళ్లవాళ్లను పెట్టుకుని ఆ చివరి నిమిషం దాకా ఎదురుచూడగలమా? ఎమిరేట్స్ 2025 మే నుంచి ఫస్ట్ క్లాసు మైళ్ల టికెట్టు సిల్వర్, గోల్డ్, ప్లాటినం హోదా ఉన్న సభ్యులకే అంది. కార్డు మీద మైళ్లు కూడబెట్టి ఎప్పుడూ విమానం ఎక్కని మా మేనల్లుడి లాంటివాడికి ఆ తలుపు మూసేసినట్టే.

మైళ్లు ఇచ్చాక కూడా డబ్బు కట్టాలి. పన్నులు, ఎయిర్‌పోర్టు రుసుములు, కొన్ని సంస్థలు పైన వేసే సర్‌ఛార్జీలు. లండన్ నుంచి తిరిగి బయలుదేరితే బ్రిటన్ వేసే ప్యాసింజర్ డ్యూటీ ఎకానమీవాళ్లకంటే ఫస్ట్ క్లాసువాళ్లకు రెట్టింపు పైనే ఉంటుంది, మైళ్ల టికెట్టయినా సరే. మా అమ్మకూ నాకూ ఒకవైపు ప్రయాణానికి మైళ్లు కాక ఇద్దరికీ కలిపి అరవై ఒక్క వేలు కట్టాను. ఇంకొంచెం కలిపితే ఆ డబ్బుతో ఒక మనిషి ఎకానమీలో యూరప్ వెళ్లి రావచ్చు. దీన్ని ఉచితం అనలేం.

అయినా నేను కట్టాను. మళ్లీ అవకాశం వచ్చినా కడతాను.

నాన్న పోయాక నేను వేరే సంస్థలో మళ్లీ మొదటి నుంచి మైళ్లు కూడబెట్టాను. ఈసారి ఒకటే అనుకున్నాను, అమ్మ తన కాళ్ల మీద తను నడుస్తున్నప్పుడే తీసుకెళ్లాలని. 2024 ఏప్రిల్ ఎక్స్‌పోకి నేనెలాగూ వెళ్లాలి. పది నెలల ముందే కూర్చుని సీట్లు చూశాను. ఆ వారంలో బిజినెస్ లేదు, ఫస్ట్‌లో రెండున్నాయి. వెంటనే తీసుకున్నాను. ఇక్కడ ఒక చిక్కుంది, చాలామందికి తెలియదు. మైళ్ల సీట్లు దాదాపు పదకొండు నెలల ముందు తెరుస్తారు, యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకు మాత్రం ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు తీసుకుంటారు. అంటే టికెట్టు ముందు, వీసా తర్వాత. వీసా రాకపోతే మైళ్లు ఎంత కోసుకుని వెనక్కిస్తారో ముందే కనుక్కోవాలి. అమ్మకు ముప్పై వేల యూరోల వైద్య బీమా కూడా చూపించాల్సి వచ్చింది. ఈ టెన్షన్ అంతా మూడు నెలలు నడిచింది.

అమ్మ చెల్లి కోసం డబ్బాడు నెయ్యి కాచి పెట్టింది. బయట నుంచి వచ్చేవాళ్లు పాలతో చేసినవి, మాంసం యూరప్‌లోకి తేకూడదు. ఎయిర్‌పోర్టులో పారేయించడం కంటే మేలని డబ్బా ఇంట్లోనే పెట్టించాను. అమ్మ రైలెక్కేదాకా దాని గురించే బాధపడింది. ఆవకాయ మాత్రం మూడు కవర్లు చుట్టి తెచ్చింది.

భీమవరం నుంచి రాత్రి రైల్లో లోయర్ బెర్త్, పొద్దున హైదరాబాద్, అక్కడి నుంచి గల్ఫ్ మీదుగా. నడక కష్టమైనవాళ్లు వీల్‌చెయిర్ కావాలని ముందే చెబితే ఏ క్లాసువాళ్లకైనా డబ్బు తీసుకోకుండా ఇస్తారు. ఎకానమీలో వెళ్లే పెద్దవాళ్లు కూడా అడగాలి. ఫస్ట్ క్లాసులో అమ్మ సీటుకు తలుపుంది. చుట్టూ చూసి, “అబ్బాయ్, మీ నాన్న లాకుల దగ్గర పడుకునే గది ఇంతే ఉండేది” అంది. పరుపు పరిచి, దిండు పెట్టి, దుప్పటి కప్పారు. కాళ్ల కింద ఇంకో దిండు అడిగితే తెచ్చారు. బాత్రూమ్‌కు వెళ్లినప్పుడల్లా ఒకమ్మాయి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. తక్కువమందే ఉంటారు కాబట్టి ఆ తీరిక వాళ్లకుంటుంది. కేవియర్ పెట్టారు, చేప గుడ్లని చెబితే అమ్మ పులస గుడ్లు తలుచుకుని ఒక చెంచాడు తిని చాలంది. ఆ తర్వాత పెరుగు ఉందా అని అడిగింది. ఉంది. పెరుగు, కొంచెం అన్నం కలుపుకుని తిని ఐదు గంటలు నిద్రపోయింది. దిగాక కాళ్లు చూశాను. వాపు లేదు. నాకు ఆ ప్రయాణంలో మిగతావన్నీ ఒక ఎత్తు, అది ఒక ఎత్తు.

నెదర్లాండ్స్‌లో మేం దిగిన స్కిపోల్ విమానాశ్రయం ఉన్నచోట పూర్వం పెద్ద సరస్సు ఉండేది. దాని చుట్టూ కాలువ తవ్వి, ఆవిరి యంత్రాలతో నీళ్లు తోడి 1852లో ఎండగట్టారు. ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట పూర్తయింది కూడా 1852లోనే. నాన్నకు చెప్పాల్సిన మాట ఇది. అమ్మకు చెప్పాను. కారులోంచి చూస్తూ, “వీళ్లు చెరువు ఎండగట్టి చేను చేశారు, మనం చేలు తవ్వి చెరువులు చేస్తున్నాం” అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు, నా జీతం వచ్చేది ఆ చెరువుల మీదే. చెల్లి మమ్మల్ని గాలిమరల దగ్గరికి, సముద్రపు గేట్ల దగ్గరికి తీసుకెళ్లింది. అమ్మ ప్రతిచోటా గేటు పక్కన నిలబడి ఫొటో తీయించుకుంది.

అందుకే మైళ్లు వద్దని చెప్పడానికి ఈ ఉత్తరం రాయలేదు. మన ప్రాంతానికి వీటి అవసరం ఉంది. 2025 ఆగస్టులో రొయ్యల మీద అమెరికా అదనపు సుంకం 50 శాతానికి పెంచాక మా లైన్లో చాలామంది యూరప్ కొనుగోలుదారుల కోసం తిరగడం ఎక్కువైంది. కోనసీమ నుంచి, మా నర్సాపురం, పాలకొల్లు పక్క ఊళ్ల నుంచి కువైట్, ఖతార్, మస్కట్ వెళ్లే ఆడవాళ్లు ఎంతమందో మీకు తెలుసు. ఇరవై ఏళ్లు ఇళ్లల్లో పనిచేసి ప్రతి సెలవుకీ వచ్చి వెళ్తారు. సభ్యత్వానికి రూపాయి ఖర్చు లేదు. అయినా నేను అడిగిన పదిమందిలో ఒక్కరికీ నంబరు లేదు. ఏజెంటు టికెట్టు తీస్తాడు, వీళ్లు ఎక్కుతారు. ఎమిరేట్స్‌లో ‘మై ఫ్యామిలీ’ అని కుటుంబం వాళ్ల మైళ్లు ఒకచోట కలుపుకునే వీలుంది. అక్కచెల్లెళ్లు ముగ్గురు కువైట్‌లో ఉంటే కొన్నేళ్లకు ఒకరి టికెట్టయినా కలిసొస్తుంది. వాళ్లకు ఫస్ట్ క్లాసు రాకపోవచ్చు, కానీ ఆ మైళ్లు వాళ్లకు రావాల్సినవే. ఈ సంగతి మీ జిల్లా పేజీలో ఒక్కసారి వేయండి.

కార్డుల విషయం మాత్రం జాగ్రత్తగా రాయండి. నెల తిరిగేసరికి మొత్తం కట్టేసేవాడికే పాయింట్లు లాభం. మినిమమ్ కట్టి ఊరుకుంటే నెలకు మూడున్నర శాతం, ఆ పైన కూడా వడ్డీ పడుతుంది, ఏడాదికి నలభై దాటుతుంది. 30 శాతం మించకూడదని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ ఇచ్చిన తీర్పును 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది కూడా. మా మేనల్లుడి దుకాణంలో కార్డు గీకితే రెండు శాతం పైన వేస్తారు, ఆ బోర్డు రాసింది వాడే. వాడిని కూర్చోబెట్టి కాగితం మీద లెక్క వేయించాను. ఒక దరఖాస్తు వెనక్కి తీసుకున్నాడు. రెండోది ఇంకా ఆలోచిస్తున్నాడు.

ఇక నా మనవి. కార్డు ఛార్జీలు మార్చాలంటే కనీసం నెల ముందు చెప్పాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. మైళ్ల రేటు మార్చేటప్పుడు కూడా విమాన సంస్థలు కనీసం మూడు నెలల ముందు చెప్పేలా పౌర విమానయాన శాఖ నిబంధన తేవాలి. అమెరికాలో 2024 సెప్టెంబరులో రవాణా శాఖ నాలుగు పెద్ద విమాన సంస్థలను మైళ్ల విలువ ఎలా మారుస్తున్నారో లెక్క చెప్పమని అడిగింది. మన దగ్గర మన ఎంపీలు ఆ ప్రశ్న పార్లమెంటులో అడగవచ్చు. గడువు ఎప్పుడు తీరుతుంది, రద్దు చేస్తే ఎంత పోతుంది అన్న ముక్కలు తెలుగులో కూడా ఉండాలి. 2019లో నాకు మూడు నెలల గడువు ఇచ్చి ఉంటే ఆ లక్షా అరవై వేలతో బిజినెస్ సీట్లు తీసేసుకునేవాణ్ని, అంతే.

ఆ వ్యాసంలోని ‘ఉచితంగా’ అన్న మాటను వచ్చే ఆదివారం సరిచేసి వేయగలరు. సవరణ వస్తే కత్తిరించి మా మేనల్లుడి దుకాణంలో అంటిస్తాను.

ఇట్లు,
రొయ్యల ప్లాంటు ఉద్యోగి,
భీమవరం, పశ్చిమ గోదావరి జిల్లా
(పేరు ప్రచురించవద్దని మనవి)