ఆదివారం పీఎఫ్ పాస్‌బుక్ చెకింగ్

అందరికీ నమస్తే 🙏
కాంట్రాక్టర్ల కింద పనిచేసే మనవాళ్లంతా ఈ ఆదివారం ఉదయం 10కి గేటు ఎదురు టీ కొట్టు దగ్గరికి రండి.

తేవాల్సినవి: ఆధార్ కార్డు, గత 3 నెలల పేస్లిప్పులు, ఆధార్‌కి లింకైన ఫోను. ఓటీపీ దానికే వస్తుంది, ఆ ఫోను ఇంట్లో వదిలేసి వస్తే వచ్చీ దండగే.

ఈలోపు యూఏఎన్‌లో (మన 12 అంకెల పీఎఫ్ నంబరు) నమోదైన ఫోన్ నంబరు నుంచి 9966044425 కి మిస్డ్ కాల్ ఇవ్వండి. రెండు రింగులకి అదే కట్ అయిపోతుంది, బ్యాలెన్స్ మెసేజ్ వస్తుంది. మెసేజ్ రాకపోతే కేవైసీ (ఆధార్, పాన్, బ్యాంకు వివరాల నమోదు) పూర్తికాకపోయి ఉండొచ్చు, ఆదివారం చూద్దాం.

పాస్‌బుక్‌లో ఏం చూడాలి? బేసిక్, డీఏ కలిపి 12,000 అనుకోండి. మీ వాటా 12 శాతం, అంటే 1,440. కంపెనీ కూడా 1,440 కట్టాలి: అందులో 1,000 పెన్షన్‌కి, 440 పీఎఫ్‌కి. స్లిప్పులో మీ జీతం నుంచే 2,880 కోశారంటే అది చట్టవిరుద్ధం. కంపెనీ వాటా మన మీద వేయకూడదు.

ఒక నెల డబ్బు తర్వాతి నెల 15లోపు జమ కావాలి. స్లిప్పులో కోత ఉండి పాస్‌బుక్‌లో ఖాళీ ఉంటే ఆ నెల రాసిపెట్టుకోండి. కాంట్రాక్టర్ ఎగ్గొట్టినా అసలు కంపెనీదే బాధ్యత. ఈపీఎఫ్‌వో (పీఎఫ్ చూసే ప్రభుత్వ సంస్థ) ఫిర్యాదుల పోర్టల్‌లో అక్కడే కూర్చుని ఫిర్యాదు పెడదాం.

పాత కాంట్రాక్టర్ దగ్గర మానేసిన తేదీ పీఎఫ్ రికార్డులో ఎక్కకపోతే ట్రాన్స్‌ఫర్, పూర్తి విత్‌డ్రా రెండూ ఆగుతాయి. మానేసి 2 నెలలు దాటితే అది మనమే ఎక్కించుకోవచ్చు.

ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు, నాక్కూడా! స్లిప్పుల ఫొటోలు గ్రూపులో పెట్టకండి. వచ్చేవాళ్లు శనివారం రాత్రిలోపు 👍 కొట్టండి.