మూత వేసేముందు ట్యాంకు చూడండి

సంపాదకుల వారికి,

కోనసీమలో తాపీపని చేసేవాణ్ణి. ఇల్లు కట్టించుకునేవాళ్లు టైల్స్ షాపులో పూటంతా గడుపుతారు, సెప్టిక్ ట్యాంకు కట్టేచోటికి మాత్రం రారు. ఆ పని గొయ్యి తవ్వినవాడికే అప్పజెప్పేస్తారు. అతను నాలుగు సిమెంటు ఒరలు దించి, పైన బిళ్ల వేసి వెళ్లిపోతాడు. అడుగున కాంక్రీటే ఉండదు. మా వైపు వానాకాలంలో కాస్త లోతు తవ్వితే చాలు, నీరు ఊరుతుంది. గోతిలోని మురికి ఆ నీళ్లలోనే కలిసి, బోర్లలోంచి మన బిందెల్లోకి వస్తుంది.

ట్యాంకులోంచి బయటికొచ్చే నీళ్లు భూమిలో ఇంకే ఇంకుడు గొయ్యికీ తాగునీటి బావికీ మధ్య 18 మీటర్లు, అంటే దాదాపు 60 అడుగుల ఎడం ఉండాలని భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) కోడ్ చెబుతోంది. రెండొందల గజాల స్థలంలో అంత ఎడం ఎక్కడ దొరుకుతుంది? మన గొయ్యి పక్కింటివాళ్ల బోరు పక్కనే ఉంటుంది. అలాంటిచోట ట్యాంకు కారిందంటే పక్కింటి పిల్లలకూ జబ్బే.

పని తెలిసిన మేస్త్రి అడుగున కాంక్రీటు బెడ్డు వేస్తాడు, లోపలి గోడలు నున్నగా ప్లాస్టరింగు చేస్తాడు. మడ్డి మొదటి గదిలోనే దిగిపోయేలా అడ్డగోడ కడతాడు. పైన తేలే తెట్టు బయటికి పోకుండా ఇంగ్లీషు T అక్షరం ఆకారంలో ఉండే టీ పైపు పెడతాడు. అన్నిటికన్నా ముఖ్యం, వాడకానికి ముందు ట్యాంకు నిండా నీళ్లు పోసి, మట్టం దగ్గర గీత గీసి, మర్నాడు చూస్తాడు. తగ్గిందా, మళ్లీ ప్లాస్టరింగే. దీనికి ఒప్పుకోని మేస్త్రికి పని ఇవ్వకండి.

రెండు మూడేళ్లకోసారి మడ్డి తీయించాలి. మనవాళ్లు ట్యాంకు పొంగేదాకా మడ్డి లాగే బండిని పిలవరు. అప్పటికే మడ్డి ఇంకుడు గోతిలోకి పోయి, నీళ్లు ఇంకకుండా చేసేసి ఉంటుంది. మూతల మీద టైల్స్ పరిపించేవాళ్లను చూస్తే నాకు భయం. బండి పైపు దూరే దారిలేక, ఉన్న కాస్త సందులోంచి చివరికి మనిషిని దించుతారు. లోపల విషవాయువు. ఒకడు పడిపోతే, తీయడానికి దిగినవాడూ పోతాడు. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని దించడం మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం, మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు పడొచ్చు. ఈ సంగతి ఎంతమంది ఇంటి యజమానులకు తెలుసు?

ప్లాను కాగితం మీద ట్యాంకు బొమ్మ ఉంటుంది. మూత పడ్డాక లోపల ఏం కట్టారో ఎవరికీ కనపడదు. అందుకే మూత వేయకముందే గ్రామ సచివాలయం ఇంజినీరింగ్ అసిస్టెంటు వచ్చి, నీళ్ల పరీక్ష కళ్లారా చూసి సంతకం పెట్టేలా పంచాయతీలు నిబంధన తేవాలని కోరుతున్నాను.

– ఒక తాపీమేస్త్రి, అమలాపురం