మా పడవ మోటారుని బతికించిన బాబాయికి, చెయ్యేసిన అందరికీ థాంక్స్

వారం నుంచి "మోటారు ఏమైంది" అని అడుగుతున్న వాళ్ళందరికీ ఒకేసారి చెప్తున్నా, సీతానగరం రేవులో మా పడవ నిన్న పొద్దున మళ్ళీ నీళ్ళలోకి దిగింది.

మాది 15 హెచ్‌పీ టూ స్ట్రోక్ మోటారు. బ్యారేజీకి ఎగువన వలలు తీసుకుని తిరిగొస్తుంటే వెనక నుంచి గరగరమని మొదలైంది, రేజ్ చేస్తే పెరుగుద్ది, న్యూట్రల్‌లో పెడితే ఆ చప్పుడు టక్కున ఆగిపోద్ది. చూపిస్తే ఒకాయన పిస్టన్ అరిగింది, బోరు చేయించాలి (అంటే సిలిండర్ లోపలి గోడని కోసి సాపు చేయడం), ఇంజన్ మొత్తం విప్పాల్సిందే అన్నాడు. ఇల్లు గడిచేదే దాని మీద, నాన్న రెండ్రోజులు సరిగా అన్నం తినలేదు, నేనైతే అప్పు కోసం తిరగడం కూడా మొదలెట్టా.

అప్పుడు టీకొట్టు అన్న చెప్పాడు, ఆటోనగర్‌లో చాలా ఏళ్ళు పనిచేసి మానేసిన బాబాయి ఒకాయన ఉన్నాడు, ఒకసారి చూపించు అని. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయట్లేదు.

బాబాయి వచ్చీ రాగానే స్పానర్ పట్టుకోలా. మోటారుని నీళ్ళ డ్రమ్ములో దింపించి స్టార్ట్ చేయమన్నారు (నీళ్ళు లేకుండా ఉత్తినే స్టార్ట్ చేస్తే పంపులో నీళ్ళు తోడే రబ్బరు చక్రం, ఇంపెల్లర్ అంటారు, అది కాసేపట్లోనే పాడైపోద్ది, తెలియనోళ్ళు గుర్తుపెట్టుకోండి). పక్కనుంచి నీళ్ళధార బాగానే కొడుతోంది, కూలింగ్‌కి ఢోకా లేదన్నారు. తర్వాత పొడుగాటి స్క్రూడ్రైవర్ కొస ఇంజన్ మీద ఆనించి పిడి చెవికి పెట్టుకున్నారు, ఆ తర్వాత మోటారు కింది కాలు (నీళ్ళలోకి దిగే భాగం) మీద, నీళ్ళకి కాస్త పైన ఆనించి నిదానంగా గేరెయ్యమన్నారు. నాకూ వినిపించారు. పైన సాఫీగా ఉంది, కింద మాత్రం ఎవరో ఇసక నములుతున్నట్టుంది.

"అబ్బాయ్, పిస్టనే పోతే న్యూట్రల్‌లో కూడా అరవాలిగా? ప్రొపెల్లర్ షాఫ్టు తిరిగేది గేరేస్తేనే. రోగం అక్కడుంది, ఇంజన్ జోలికి పోకు" అన్నారు.

ఇంజన్ ఆపి గేరు డబ్బా కింది స్క్రూ తీస్తే ఆయిల్ పాలెక్కువైన టీ రంగులో కారింది, నీళ్ళు కలిసిపోయినయ్. ప్రొపెల్లర్ ఊడదీస్తే షాఫ్టుకి తంగూసు (వలల నైలాన్ దారం) చుట్టుకుని చుట్టుకుని వేడికి కరిగి గాజు ఉంగరంలా గట్టిపడిపోయింది, బ్లేడుతో కోసి లాగితే బారెడు పైనే వచ్చింది. పాత వల ముక్కేదో నీళ్ళలో తగిలుంటది. అదే నీళ్ళు లోపలికి రాకుండా ఆపే సీలుని కోసేసింది, అక్కణ్ణుంచి నీళ్ళు దిగి షాఫ్టు బేరింగ్ తుప్పు పట్టింది, ఆ గరగర దానిదే.

కొత్త సీళ్ళు, బేరింగ్ వేసి 90 నంబర్ గేర్ ఆయిల్ కింది రంధ్రంలోంచి ఎక్కించి పై రంధ్రంలోంచి కారేదాకా పోశారు, అలా పోస్తేనే లోపల గాలి మిగలదంట. బోరుకి చెప్పిన దాంట్లో పదో వంతు కూడా కాలేదు.

బేరింగ్ కోసం ఎండలో షాపులన్నీ తిరిగిన ఇద్దరు తమ్ముళ్ళకి, మోటారు గట్టు మీదకి మోసిన రేవు వాళ్ళకి, టీకొట్టు అన్నకి చాలా చాలా థాంక్స్. ఇక నుంచి నెలకోసారి ప్రొపెల్లర్ తీసి తంగూసు చుట్టుకుందేమో చూస్తా, 100 గంటలకోసారి గేర్ ఆయిల్ మారుస్తా, బాబాయికి మాటిచ్చా.

బాబాయ్, చేతిలో డబ్బులు పెడితే నెట్టేశారు, ఆ రోజు నాన్న కళ్ళు చెమర్చినయ్ మీరు చూడలేదు. ఆదివారం వలలో పడ్డ మొదటి కొరమీను మీ ఇంటికే తెస్తున్నాం, దాన్ని మాత్రం వద్దనకండి.