వార్షిక నివేదిక 2025–26: తాటాకు గ్రంథాల ప్రదర్శన, ఇతర కార్యక్రమాలు

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఉగాది పంచాంగ శ్రవణం, పిల్లల తెలుగు బడి, రక్తదాన శిబిరం ఎప్పట్లాగే జరిగాయి. వాటి వివరాలు జమాఖర్చుల పట్టీతో పాటు విడిగా ఇచ్చాం. ఈసారి ముఖ్యంగా చెప్పుకోవాల్సింది డిసెంబరులో పెట్టిన ప్రదర్శన గురించే.

మన చెన్నైలోని అడయారు గ్రంథాలయం 1886 డిసెంబరు 28న మొదలైంది. దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) అధ్యక్షుడు కర్నల్ ఆల్కాట్ స్థాపించిన ఆ గ్రంథాలయం ప్రారంభోత్సవంలో హిందూ, బౌద్ధ, పార్సీ, ముస్లిం మత పెద్దలు కలిసి పాల్గొన్నారు. వేలకొద్దీ ఉన్న అక్కడి తాళపత్రాల్లో తెలుగు లిపిలో రాసినవీ ఉన్నాయి. గత డిసెంబరులో అది 140వ ఏట అడుగుపెట్టిన సందర్భంగా మన హాల్లో తాటాకు గ్రంథాల ప్రదర్శన పెట్టాం. అంత పాత ప్రతుల్ని అడిగి తెచ్చుకోవడం కుదిరే పని కాదు గనక, అటకల మీద, దేవుడి గూట్లో ఉన్న కట్టలే తెమ్మని సభ్యులను కోరాం. ఎవరు తెస్తారులే అని కమిటీలోనే కొందరన్నారు. తీరా చూస్తే బల్లలు చాల్లేదు. రామాయణం, వైద్యం, జాతకాలు, ఎవరికీ అంతుపట్టని లెక్కలు కూడా వచ్చాయి.

ఒక ఇంటివారు తమ కట్టలో రాతే లేదనుకుని మొహమాటంగా ఇచ్చారు. గంటంతో, అంటే మొనదేలిన ఇనుప కలంతో గీసిన అక్షరానికి రంగు ఉండదు, మసి పట్టిస్తేనే కనబడుతుంది. ఆహ్వానంపై వచ్చిన పండితులొకరు దీపపు మసిలో నిమ్మగడ్డి నూనె కలిపి, దూదితో ఆకంతా పూసి, పొడిగుడ్డతో తుడిచారు. గుండ్రటి తెలుగు అక్షరాలు వరుసగా తేలాయి. పిల్లలంతా ఆ బల్ల దగ్గరే గుమిగూడారు. ఫలహారాల వైపు చాలాసేపు ఎవరూ వెళ్లలేదు, మన సంఘంలో ఇది వింతే.

‘తైలాద్రక్షేత్ జలాద్రక్షేత్’ శ్లోకాన్ని గోడకు పెట్టాం. నూనె నుంచి, నీటి నుంచి, వదులు కట్టు నుంచి కాపాడు, మూర్ఖుడి చేతికి ఇవ్వకు అని పుస్తకమే అంటుంది అందులో. "మరి మీరే నూనె రాస్తున్నారేంటండీ?" అని ఒక పిల్లవాడు పండితులను నిలదీశాడు. శ్లోకం చెప్పేది దీపం నూనె, వంట నూనె మరకల గురించనీ, నిమ్మగడ్డి నూనె పురుగును దూరం పెట్టి ఆకును మెత్తగా ఉంచుతుందనీ ఆయన చెప్పారు.

కొన్ని కట్టలు ప్లాస్టిక్ కవర్లలో వచ్చాయి. లోపల చెమ్మ చేరి బూజు పట్టింది. ఒకాయన నాలుగు ఆకులకు ఏకంగా లామినేషన్ చేయించారు! ఉద్దేశం మంచిదే, కానీ ఇక దాన్ని ఆకు చిరగకుండా ఊడదీయలేం. దయచేసి పాత పద్ధతిలో రెండు చెక్కల మధ్య బిగించి, నూలుగుడ్డలో చుట్టండి.

కేంద్రం 2025 బడ్జెట్లో జ్ఞాన భారతం మిషన్ ప్రకటించింది. కోటికి పైగా రాతప్రతులను గుర్తించి కాపాడాలన్నది దాని లక్ష్యం. మన ఇళ్లలోవి ఆ లెక్కలోకి రావాలంటే ముందు జాబితా ఉండాలి. అందుకే ఫొటోలు తీయించడానికి కొంత నిధి కేటాయించాలని సర్వసభ్య సమావేశం ముందు తీర్మానం పెడుతున్నాం. ఇష్టం లేనివారిపై బలవంతమేమీ లేదు. తెచ్చేవారు మాత్రం తాడు విప్పకుండా తేవాలి, ఆకుల వరుస తప్పితే మళ్లీ సర్దడం చాలా కష్టం.

ఇట్లు,
కార్యదర్శి